కౌంటరు కింద అట్టపెట్టె

ప్రశ్న: "మాది గుంటూరు, బ్రాడీపేట. నాన్న ముప్పై ఏళ్లు నడిపిన పుస్తకాల కొట్టు, ఆయన కాలం చేశాక పోయినేడాది నా చేతికొచ్చింది. అప్పటిదాకా నేను బ్యాంకు పరీక్షలకి చదువుకుంటున్నదాన్ని. బడులు తెరిచే రోజుల్లో గైడ్లు, టెస్ట్ పేపర్లు బాగా పోతాయి. మిగతా నెలల్లో అద్దె కట్టడమే గగనంగా ఉంది. కథలు, నవలలు అడిగేవాళ్లు రోజుకి ఐదారుగురు వస్తారు. చాలాసార్లు వాళ్లడిగిన పేరే నేను విని ఉండను. 'లేదండీ' అని పంపేస్తున్నాను. కొత్త పుస్తకాల కబుర్లు ఎక్కడ తెలుస్తాయి? ఏవి తెప్పించాలి, ఎన్ని తెప్పించాలి? ఆన్‌లైన్లో ధర తగ్గించి ఇస్తుంటే నా దగ్గర ఎవరు కొంటారు? అసలు ముందు నేనేం చదవాలి? ఇంకొక్క మాట. కౌంటరు కింద నాన్న ఒక అట్టపెట్టె ఉంచారు. అందులో అరవై దాకా పుస్తకాలున్నాయి. ఒక్కోదాంట్లో ఎవరిదో పేరు రాసిన చీటీ ఉంది. అవి అమ్మేయొచ్చా?"
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు:

అమ్మా,

నాలుగు ప్రశ్నలు వరసగా అడిగి, చివర్న 'ఇంకొక్క మాట' అంటూ ఆ అట్టపెట్టె సంగతి రాశారు. చదువుతూ నేను అక్కడే ఆగిపోయాను. ఆ పుస్తకాలు మాత్రం అమ్మకండి. ఎందుకో ఆఖర్న చెబుతాను. ముందు కొట్టు సంగతి చూద్దాం.

విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక పుస్తకాల దుకాణంలో నేను కౌంటర్లో చేరి ముప్పై ఏళ్లకి దగ్గరపడుతోంది. చేరిన కొత్తల్లో నేనూ మీలాగే 'లేదండీ' అని పంపేసేవాణ్ణి. ఒకరోజు మా యజమాని వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చున్నారు. పొద్దుట కొట్టు తీసిన దగ్గర్నుంచి భోజనాల వేళ దాకా నేను పదకొండు మందికి లేదన్నాను. ఆయన లెక్కపెట్టారు. ఏమీ కోప్పడలేదు. లోపల్నుంచి పొడుగు నోటుబుక్కు ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, లేదన్న ప్రతిసారీ ఇందులో రాయమన్నారు. తేదీ, వాళ్లడిగిన పేరు, అడిగిన మనిషి పేరు, ఫోన్ నంబరు. అంతే. కబుర్లు ఎక్కడ తెలుస్తాయి, ఏవి తెప్పించాలి అన్న మీ రెండు ప్రశ్నలకీ నాకు తెలిసిన అసలు జవాబు ఆ నోటుబుక్కు. పత్రికలూ అవార్డులూ దాని తర్వాతే.

రాసుకునేటప్పుడు ఒక జాగ్రత్త. వాళ్లు ఎలా చెబితే అలాగే రాయండి, మీరు సరిదిద్దకండి. ఒకసారి ఒకాయన వచ్చి, "మనోధర్మం అనో ఏదో నవలటండీ, పాటలు పాడే ఆడవాళ్ల మీదట, మా చెల్లెలు చెప్పింది" అన్నారు. మా దగ్గర ఆ పేరుతో ఏదీ లేదు. నేను ఆయన అన్న మాటలన్నీ అలాగే రాసిపెట్టుకున్నాను. సాయంత్రం మా యజమానికి చూపిస్తే, ఆ 'పాటలు పాడే ఆడవాళ్లు' అన్న దగ్గర వేలు పెట్టి, ఇది మధురాంతకం నరేంద్ర గారి 'మనోధర్మపరాగం' అన్నారు. దేవదాసీ కుటుంబాల ఆడవాళ్ల గురించీ వాళ్ల సంగీతం గురించీ రాసిన నవల. 2022లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. మర్నాడు తెప్పించి ఫోన్ చేశాం. రెండు నెలలు తిరిగేసరికి ఆయన చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చారు. ఆవిడ వస్తే ఒక్క పుస్తకంతో తిరిగి వెళ్లే మనిషి కాదు.

ప్రతి ఆదివారం కొట్టు కట్టేసే ముందు ఆ వారం పేజీలు చదవండి. ఒకే పుస్తకం ఇద్దరు అడిగితే తెప్పించండి. ఒకే రచయిత పేరు మూడుసార్లు కనబడితే ఆ రచయితవి రెండు పుస్తకాలు తెప్పించండి. ఒక్కరే అడిగినదైతే వాళ్లకి ఫోన్ చేసి, "తెప్పించమంటారా?" అని అడగండి. నూటికి ఎనభై మంది ఊ అంటారని నేను లెక్క చెప్పలేను గానీ, ఆ ఫోను వచ్చినందుకే సంతోషపడి కొట్టుకి వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. వేరే ఊరికి మారిపోయినా మా దగ్గరే కొనేవాళ్లు వాళ్లే.

ఇక బయటి కబుర్లు. సోమవారం ఆంధ్రజ్యోతిలో 'వివిధ' పేజీ తప్పకుండా చూడండి. ఆదివారం అనుబంధాల్లో పుస్తక పరిచయాలు వస్తాయి, కత్తిరించి గాజు తలుపుకి లోపలి వైపు అంటించండి. చదివేవాళ్లు బయట నిలబడి చదువుకుంటారు. సాహిత్య అకాడెమీ యువ పురస్కారాలూ బాల సాహిత్య పురస్కారాలూ మామూలుగా జూన్‌లో ఒకేసారి ప్రకటిస్తారు. ప్రధాన అవార్డులు మామూలుగా డిసెంబరులో. ప్రకటన వచ్చిన సాయంత్రమే ప్రచురణకర్తకి ఫోన్ చేసెయ్యాలి, ఎందుకంటే మన తెలుగు పుస్తకాలు వేసేదే ఐదొందలో వెయ్యో కాపీలు, వారంలో అయిపోతాయి. 2024 అవార్డు ఎవరికొచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. మీ గుంటూరు వారే, పెనుగొండ లక్ష్మీనారాయణ గారు, 'దీపిక' అనే విమర్శ గ్రంథానికి. ఆ పుస్తకం మీ కొట్టులో ఉందా? లేకపోతే రేపే తెప్పించండి. గుంటూరు రచయితకి ఢిల్లీలో అవార్డు వచ్చిన పుస్తకం బ్రాడీపేటలో దొరక్కపోవడం నాకు మనసుకి కష్టంగా ఉంటుంది.

ఒక్కోసారి గిరాకీ పక్క భాష నుంచి వస్తుంది. 2025 మే నెలలో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ కథల సంపుటి 'హార్ట్ ల్యాంప్' అంతర్జాతీయ బుకర్ గెలిచింది. ఆ పది రోజులూ దాన్ని అడగని కాలేజీ పిల్ల లేదు. ఇంగ్లీషు ప్రతులు అయిపోయాయి, మళ్లీ రావడానికి టైం పట్టింది. అప్పుడు మా కౌంటర్లో ఉన్న అమ్మాయి ఏం చేసిందంటే, స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన ముస్లిం కథల సంకలనం 'వతన్', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' తీసి బల్ల మీద పెట్టింది. "అది వచ్చేలోపు ఇవి చూడండి, మన ఇళ్ల పక్క కథలు" అని చేతికిచ్చేది. దర్గామిట్ట అంటే నెల్లూరు వైపే, ఎంత దూరం! తీసుకోనివాళ్లు కొద్దిమందే. అడిగిన పుస్తకం లేనప్పుడు దాని పక్కన నిలబడగల పుస్తకం మీకు తెలిసుండాలి. మీరు చదవడం మొదలుపెట్టాల్సింది అందుకే.

ఇప్పుడు మన వ్యాపారంలోనే ఉన్న ఒక పేజీ గురించి. తెలుగు పుస్తకం ఏది తీసుకున్నా అట్ట తిప్పగానే, లోపలి పేరు వెనక పేజీలో ముద్రణ తేదీ, కాపీలు, వెల, ముఖచిత్రం ఎవరిది అన్నవన్నీ ఉంటాయి. వాటి కింద 'ప్రతులకు' అని ఒక ముక్క ఉంటుంది. ఆ కింద కొట్ల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు. ఎవరూ చదవరనుకునే ఆ పేజీ మీరు ప్రతి పుస్తకంలోనూ చదవండి. మొదటి లాభం: పుస్తకం ఎవరి దగ్గర దొరుకుతుందో అక్కడే రాసి ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ కోసం వెతుక్కోనక్కర్లేదు. రెండోది ఇంకా పెద్దది. మీ జిల్లాలో ఎవరైనా సొంతంగా పుస్తకం వేసుకుంటున్నారని తెలిస్తే, అది ప్రెస్సుకి వెళ్లకముందే వెళ్లి కలవండి. "ప్రతులకు కింద మా కొట్టు పేరు కూడా వేయండి, పది కాపీలు నేను పెట్టుకుంటాను, అమ్మినవాటికి డబ్బు నెలాఖరుకి ఇస్తాను" అని అడగండి. కాదనేవాళ్లు నాకు తారసపడలేదు. డబ్బులు మాత్రం చెప్పిన రోజుకి ఇవ్వాలి. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్న మాస్టారు రెండొందల రూపాయల కోసం నాలుగుసార్లు మన మెట్లెక్కకూడదు. ఆవిష్కరణ సభలకీ వెళ్తుండండి. మీ గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో సభ అయ్యాక పుస్తకాలు పంచిపెట్టే బల్ల దగ్గర మీరు ఐదు నిమిషాలు నిలబడితే, ఎవరు ఏం చదువుతారో అక్కడే సగం తెలుస్తుంది.

ఎన్ని తెప్పించాలి? మూడు. మీరు నమ్మిన పుస్తకమైతే ఐదు. ఈ లెక్క నాకు నష్టం నేర్పింది. నేను చేరిన కొత్తల్లో ఒక డిస్ట్రిబ్యూటర్, వంద కాపీలు తీసుకుంటే ఇంకో ఐదు శాతం కమిషన్ ఎక్కువిస్తానన్నాడు, వాపసు మాత్రం తీసుకోనన్నాడు. అవార్డు పుస్తకమే, మంచి పుస్తకమే. యజమాని ఊళ్లో లేరు, నేనే సరేనన్నాను. పదిహేడు అమ్మాను. మిగతావి కింది అరలో పెట్టి మర్చిపోయాం. వానాకాలం దాటాక ఒకరోజు కట్ట లాగితే అడుగు పుస్తకాలు మట్టిలా రాలాయి, చెదలు. ఆ మట్టి నేనే చేటతో ఎత్తి పారబోశాను. అప్పట్నుంచీ మూడు తెప్పించి, రెండోది అమ్మగానే మళ్లీ మూడు చెప్పడం అలవాటు. ఏ సరుకైనా వాపసు తీసుకుంటారా లేదా అన్నది బిల్లు మీద రాయించుకోండి, నోటిమాట వద్దు. కింది అరని నేలకి జానెడు ఎత్తులో పెట్టించండి.

ఆన్‌లైన్ ధరతో పోటీకి దిగొద్దు. మీకొచ్చే కమిషన్‌లో సగం తగ్గించేస్తే అద్దెకి మిగలదు. వాళ్లు ఇవ్వలేనిది మీ దగ్గర ఉంది. కొనేముందు పది పేజీలు కూర్చుని చదువుకునే స్టూలు ఒకటి వేయండి, ఫ్యాను కింద. రేపల్లె, మాచర్ల, సత్తెనపల్లి నుంచి అడిగేవాళ్లకి పోస్టులో పంపండి. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఆపేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు చాలా ఇబ్బంది పడ్డారు. పుస్తకం ఖరీదుకి పంపే ఖర్చు సమానమయ్యేది. 2025 మే 1 నుంచి దాని స్థానంలో జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. పుస్తకం మీద ముద్రించినవారి పేరో ప్రచురించినవారి పేరో ఉండాలి. పార్సిల్ ఎక్కడుందో చూసుకోవచ్చు కూడా. రెండొందల పేజీల డెమ్మీ సైజు, అంటే మామూలు నవలల సైజు పుస్తకం కాగితం చుట్టినా 300 గ్రాములు దాటదు. కాటా ఒకటి కొనుక్కోండి. ధర గురించి ఎవరైనా అడిగితే చెప్పడానికి ఇంకో సంగతి: అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదు, కానీ అది అచ్చయ్యే కాగితం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 18 అయింది. కొత్త ముద్రణల వెల పెరగడానికి ఇదీ ఒక కారణం.

విజయవాడ పుస్తక మహోత్సవం గురించి మీరు అడగలేదు గానీ, అడక్కుండానే చెబుతాను. 1989 నుంచి జరుగుతోంది, జనవరి తొలి రోజుల్లో పదకొండు రోజులు. చాలాకాలం స్వరాజ్ మైదానంలో జరిగేది. ఈ ఏడాది స్టాలు తీసుకోకండి, అద్దె మోయలేరు. రెండు రోజులు మాత్రం రండి. మొదట్లో ఒక పనిరోజు మధ్యాహ్నం వస్తే రద్దీ ఉండదు, స్టాళ్లలో ప్రచురణకర్తలే తీరిగ్గా దొరుకుతారు. కేటలాగులు తీసుకుని, మీ నోటుబుక్కు చూపించి అడగండి. రెండోసారి చివరి రోజు రండి. మిగిలిన సరుకు వెనక్కి మోసుకెళ్లడం ఎవరికీ ఇష్టం ఉండదు, అప్పుడు మాట వింటారు. తిరుగు రైలు ఎక్కేముందు లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల దగ్గర ఒక గంట గడపండి. ఆగిపోయిన ముద్రణలు మీ నోటుబుక్కులో రెండు మూడైనా ఉంటాయి, అవి అక్కడ దొరకొచ్చు.

ఇక మీరేం చదవాలి. ముందు మీ ఊరివి చదవండి. గుంటూరులో శారదా నికేతనం పెట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో ఉండి రాసిన 'మాలపల్లి', 1922లో వచ్చింది, అప్పటి ప్రభుత్వం నిషేధించింది. పెద్ద నవల, నెల పట్టినా పర్వాలేదు. జాషువా 'గబ్బిలం' ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది, కానీ పైకి చదవాలి, కళ్లతో చదివితే చాలదు. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలోకి వెళ్లగల గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. పద్యం రాదని భయపడకండి, మొదటి నాలుగు పద్యాలు దాటితే అదే లాక్కెళ్తుంది. ఓల్గా గారు మీ గుంటూరులోనే పుట్టారు. ఆవిడ 'విముక్త' కథల్లో సీత వెళ్లి శూర్పణఖని, అహల్యని, రేణుకని, ఊర్మిళని కలుస్తుంది. కొత్తగా చదవడం మొదలుపెట్టే ఆడపిల్లలకి నేను ఎక్కువగా చేతికిచ్చింది అదే.

సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' మాత్రం మీ బల్ల మీద ఎప్పుడూ ఉండాలి. నూరు కథలు, ఆంధ్రజ్యోతి వీక్లీలో బాపు బొమ్మలతో వచ్చాయి, 1979లో అకాడెమీ అవార్డు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడని ముంచెత్తింది కదా. నీళ్లు తీసిన కొన్ని వారాలకి సింగ్‌నగర్ నుంచి ఒక రిటైరైన మాస్టారు మా కొట్టుకొచ్చారు. రెండు బీరువాల పుస్తకాలు పోయాయట. ఎండబెడదామంటే పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీస్తే అక్షరాలు పక్క పేజీకి వచ్చేశాయట. చేతిలో పెన్సిలుతో రాసిన పట్టిక, నలభై పేర్లు. "అన్నీ కొనలేను, నెలకి రెండు" అన్నారు. పట్టికలో మొదటి పేరు 'అమరావతి కథలు'. తీసిస్తే అక్కడే స్టూలు మీద కూర్చుని 'వరద' కథ తీశారు. కృష్ణ పొంగి ఊరు మునిగినప్పుడు ఆకలి ముందు కులం నిలబడని కథ అది. పూర్తిగా చదివి, పుస్తకం మూసి, డబ్బులిచ్చి వెళ్లారు. ఆ పట్టిక మా దగ్గరే ఉంది. నెలకి రెండు చొప్పున కొట్టేస్తున్నాం.

కొత్తవాళ్లలో యువ పురస్కారాలు పట్టుకుని వెళ్లండి, దారి తప్పరు. ఎండ్లూరి మానస 'మిళింద', పల్లిపట్టు నాగరాజు 'యాలై పూడ్సింది', రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో', 2025లో పురస్కారం వచ్చిన ప్రసాద్ సూరి 'మైరావణ'. నాలుగూ నాలుగు రకాల తెలుగు. 'ఢావ్లో'లోని బంజారా కథలు చదివాక మన భాష ఎంత పెద్దదో కొత్తగా తెలిసింది నాకు. పెద్దవాళ్లలో పతంజలి శాస్త్రి గారి 'రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు' ఉంచండి. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ గార్లు 1990 నుంచి ఏటా ఎంచి తెస్తున్న 'కథ' సంకలనాలు మీకు పాఠ్యపుస్తకాల్లాగా పనికొస్తాయి. ఒక్కో సంపుటంలో పదిమందికి పైగా పరిచయమవుతారు. డబ్బు పెట్టనక్కర్లేకుండా చదవాలంటే బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం మీకు నడిచి వెళ్లే దూరం. వారానికి ఒక పూట అక్కడ కూర్చోండి.

ఇప్పుడు ఆ అట్టపెట్టె.

మీ నాన్నగారు నోటుబుక్కు పెట్టలేదేమో గానీ చీటీలు పెట్టారు. ఎవరో అడిగారు, అప్పుడు లేదు, ఆయన తెప్పించి వాళ్ల పేరు రాసి పక్కన ఉంచారు. కొందరు వచ్చి తీసుకెళ్లి ఉంటారు, ఈ అరవై మంది రాలేదు. మీకు ముప్పై ఏళ్ల కొట్టు ఇచ్చి వెళ్లారని రాశారు. కొట్టుతోపాటు ఈ అరవై మందినీ ఇచ్చారు. ఒక్కో చీటీ మీద ఏముందో, చీటీని కదపకుండా, ముందు కాగితం మీద ఎక్కించుకోండి: పేరు, పుస్తకం, నంబరుంటే నంబరు. పాత చీటీల మీద 0863 అంటూ ల్యాండ్‌లైన్లు ఉంటాయి, చాలావరకు పలకవు. పేరు చూసి పక్క కొట్టువాళ్లనీ, మీ నాన్నగారి స్నేహితులనీ అడగండి. బ్రాడీపేటలో ఒకరి పేరు చెబితే ఇంకొకరు వాళ్లుండే వీధి లైను నంబరు చెబుతారు. ఫోన్ కలిస్తే, "నాన్నగారు మీకోసం ఈ పుస్తకం తెప్పించి ఉంచారు, ఆయన లేరు, నేను కొట్టు నడుపుతున్నాను" అనండి. అట్ట మీద పాత వెల ఎంతుంటే అంతే తీసుకోండి.

కొన్ని ఇళ్లలో ఆ మనిషే లేరని చెబుతారు. అప్పుడు ఫోను పెట్టేయకండి. పుస్తకం పేరు, చీటీ మీద మీ నాన్నగారు రాసిన మాటలు చదివి వినిపించండి. నేను ఒకసారి అలా చేస్తే, ఆ మర్నాడు ఒక పెద్దావిడ ఆటోలో వచ్చి పుస్తకం తీసుకున్నారు. చీటీ కూడా ఇమ్మని అడిగారు, ఇచ్చాను. మీరూ చీటీ తీసి దాచుకోకండి, పుస్తకంలోనే ఉంచి ఇవ్వండి.